రంగు కింద ఏరు

పళ్ళ డాక్టరు మేడమీద గదిలో ముగ్గురినీ, ఆ గది గుమ్మంలో ఒక పెద్దావిడనీ నిలబెట్టి కిందటి వారం మనం వచ్చేశాం. పాపం, వాళ్ళింకా అలాగే నిలబడి ఉన్నారు. ఈ వారమే మనతో చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుని లోపలికి వెళదాం.

ఊళ్ళో ఆడవాళ్ళే అన్ని వేషాలూ వేసే నాటక కంపెనీ ఒకటి మూతపడింది. సామానంతా అమ్మేశారు. పాత ఆయుధాల పిచ్చి ఉన్న ముగ్గురు స్నేహితులు కలిసి కిరీటాలు, డాళ్ళు, ఆట కత్తులు కుక్కి ఉన్న ట్రంకుపెట్టె ఒకటి సరదాకి కొన్నారు. దాన్ని మేడమీదికి మోస్తుంటే ఒక కత్తి జారి మెట్ల మీద పడింది. ఆట కత్తి పడితే దబ్బుమని ఊరుకుంటుంది. ఇది మోగింది. పడ్డచోట వెండిరంగు కాస్త పెచ్చులూడింది. ఆ పెచ్చు కింద గీతలు కనిపించాయి. నీళ్ళ మీద గాలి తోలినప్పుడు లేచే అలల్లాంటి గీతలు. ఆదివారం తీరిగ్గా రంగు తీసి చూద్దామనుకున్నారు. తీరా మొదలుపెట్టబోతుండగా గుమ్మంలో గొంతు వినిపించింది.

"నా కత్తి నాకివ్వండి."

అక్కడ కదా ఆగాం.

ఇక ఆ ముగ్గురి సంగతి. సులోచన అసలు పేరు అది కాదు. కళ్ళజోళ్ళ షాపు నడుపుతుంది కనుక ఎవరో సులోచన అన్నారు, అదే అతుక్కుపోయింది. ఇప్పుడు ఇంటాయన కూడా అలాగే పిలుస్తాడు. కల్నల్ ఏ సైన్యంలోనూ పనిచేసిన మనిషి కాదు. ఆయనది పరుపుల షాపు. ఆ హోదా మీసం సంపాదించి పెట్టింది. పళ్ళ డాక్టరు మాత్రం నిజంగానే పళ్ళ డాక్టరు.

ముగ్గురూ కలవడం కూడా అనుకోకుండా జరిగిందే. పన్నునొప్పితో చెంప పట్టుకుని వచ్చిన సులోచన గోడ మీది చిన్న బాకును చూసి, నొప్పి మరిచిపోయి, డాక్టరు నోరు తెరిపించి ఉండగానే "ఇదెక్కడిదండీ?" అని అడగబోయింది. ఆ తరవాత కొన్నాళ్ళకి కళ్ళజోడు కోసం ఆమె షాపుకి వెళ్ళిన కల్నల్, ఆమె పార్సిళ్ళు కోసుకునే చాకు పిడిని చూసి, కళ్ళజోడు సంగతి ఎత్తకుండా సాయంత్రం దాకా కూర్చుండిపోయాడు. స్నేహం అలా అంటుకుంది. అప్పటినుంచి ఆదివారం వచ్చిందంటే మూడిళ్ళల్లోనూ వాళ్ళ మీద ఆశ వదులుకుంటారు.

"వినపడలేదా? నా కత్తి," అంది మళ్ళీ గుమ్మంలో ఆవిడ.

డెబ్బై దాటినా నిటారుగా ఉన్న మనిషి. తెల్లటి జుట్టు మెడ పైకి కత్తిరించుకుంది. తలుపు చెక్క మీద చెయ్యి ఆనించిన తీరు చూస్తే, ఆ తలుపూ ఆ గదీ ఆ మేడా ఆవిడవే అనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు రంగస్థలం మీద రాజు వేషాలు వేసింది. ఊరంతా ఆవిణ్ణి రాజుగారు అనే పిలుస్తుంది.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు డాక్టరు కుర్చీ లాగుతూ.

"కూర్చోడానికి రాలేదు. మా మేనల్లుడు నన్ను మాటైనా అడక్కుండా సామానంతా అమ్మేశాడు. కిరీటాలు పోతే పోయాయి. డాళ్ళు పోతే పోయాయి. ఆ కత్తి మాత్రం నాకు ఇంకో చెయ్యి. చెయ్యి అమ్ముకుంటారా ఎవరైనా?"

ఆవిడ అడుగుతున్న కత్తి అక్కడే ఉంది. డాక్టరు కింద కొత్త కుర్చీ కొనుక్కున్నాక పాత పళ్ళ కుర్చీని మేడమీదికి ఎక్కించాడు. ఆ కుర్చీలో, పైనుంచి దీపం పడేలా, పన్ను పీకించుకోడానికి వచ్చిన మనిషిలా కత్తి పడుకుని ఉంది. మీద తువ్వాలు కప్పి ఉంది.

కల్నల్ మెల్లిగా సులోచన మోచెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాగాడు.

"చెల్లెమ్మా, ఆవిడకి కావలసింది ఆట కత్తి. పెట్టెలో అలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నిటికీ అదే వెండిరంగు. ఒకటి చేతిలో పెట్టి పంపేద్దాం. ఆవిడ కళ్ళు చూశావుగా, రెండిట్లోనూ పొర."

చూసింది. కళ్ళు చూడటమే ఆమె వృత్తి. గుమ్మంలోకి వచ్చినప్పుడే చూసింది. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన కల్నల్ కంటే ముందు తన మనసులోనే పుట్టింది.

పన్నెండేళ్ళుగా ఆమె పోగుచేసినవి ఏమిటి? ఒర లేని కత్తులు, కత్తి లేని ఒరలు, పిడి విరిగిన బాకులు, తుప్పు తినగా మిగిలిన ఈటె మొనలు. వాటినీ ప్రేమించింది. కానీ ఆ పెచ్చు కింద తన భూతద్దంలో కనిపించినది వేరు. ఎప్పుడో కరిగించిన ఉక్కు, ఎలా చేశారో చెప్పగలిగిన చివరి కొలిమివాడితోనే పోయిన విద్య. అలాంటిదాన్ని గాజుపెట్టెలో దూరం నుంచి చూడటమే గాని, చేత్తో ముట్టుకునే రాత తనకుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

సులోచన మోచెయ్యి విడిపించుకుంది.

"అన్నయ్యగారూ, మనం సామాను కొంటాం. మనుషుల్ని మోసం చెయ్యం. ఆ మాట అన్నది మీరే, నేను మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు."

"అన్నాన్లే," అన్నాడు కల్నల్ మొహం మాడ్చుకుని. "అప్పుడు ఇలాంటిది ఎదురవుతుందని తెలుసా నాకు?"

ఆమె లోపలికి వెళ్ళి తువ్వాలు తీసేసింది.

"మీ కత్తి ఇదేనమ్మా. తీసుకెళ్ళండి. తీసుకెళ్ళే ముందు ఒక్క మాట వినాలి మీరు. ఇది ఆట కత్తి కాదు. నిజం కత్తి. చాలా పాతది, చాలా గొప్పది. మీ మేనల్లుడికి తెలియదు, మాకూ కొన్నప్పుడు తెలియదు."

రాజుగారు ఆమెను ఎగాదిగా చూసింది. తరవాత నవ్వింది. ఆ నవ్వు ఆఖరి వరస దాకా వినపడటానికి అలవాటుపడిన నవ్వు. గదిలో గాజుసామాను కదిలింది.

"నాకు చెబుతున్నావా అమ్మాయ్? ముప్పై ఏళ్ళు రోజూ రాత్రి దీంతో మా చెల్లెల్ని చంపాను. ఆట కత్తి కాకపోతే అది బతికుండేదా?"



రాజుగారే చెప్పింది. కంపెనీ వాళ్ళ నాన్నది. పెట్టిన నాటకాలు ఎన్నో. జనం ఎగబడి చూసింది మాత్రం ఒక్కటే. రాజు మీద తిరగబడిన సేనాపతి కథ. అక్క రాజు, చెల్లెలు సేనాపతి. చివరి అంకమంతా కత్తియుద్ధమే. ఆఖరి దెబ్బ సేనాపతి మెడ మీద పడుతుంది, తెర పడుతుంది. మిగతావాళ్ళ చేతుల్లో రేకు కత్తులు. ఈ ఇద్దరికి మాత్రం నాన్న ఎక్కడినుంచో జత కత్తులు తెచ్చాడు. మొద్దు ఇనుముతో చేయించానని చెప్పాడు. బరువుంటేనే పౌరుషం వస్తుందని ఆయన నమ్మకం.

"అదీ సంగతి. మొద్దు ఇనుము. దీనికి లేనిపోని కథ కట్టి దాచుకుందామనా? ముగ్గురూ చదువుకున్నవాళ్ళలాగే ఉన్నారు, సిగ్గులేదూ?"

కల్నల్ మీసం వణికింది. దాచుకుందామన్న మాట ఆయనకి తగలాల్సిన చోటే తగిలింది.

డాక్టరు నెమ్మదస్తుడు. "రంగు తీస్తే ఒక గంటలో తెలిసిపోతుందమ్మా," అన్నాడు. "మీరు వద్దంటే ముట్టుకోం. ఉన్నది ఉన్నట్టు గుడ్డలో చుట్టి మీ ఇంటి దాకా నేనే మోసుకొస్తాను."

ఆవిడ పళ్ళ కుర్చీ దగ్గరికి వచ్చి కత్తి పిడి మీద చెయ్యి వేసింది. చూపు మందగించిన మనిషి చెయ్యి వెతకలేదు. సరిగ్గా పిడి మీదే పడింది.

"తియ్యండి," అంది చివరికి. "మొద్దు ఇనుమని తేలిందా, మీ ముగ్గురి చేతా ఇక్కడే గుంజీళ్ళు తీయిస్తాను."

కల్నల్ కిటికీలు బార్లా తెరిచాడు. సులోచన రంగు కరిగించే మందులో దూది ముంచింది. డాక్టరు తన సన్నటి పనిముట్లు తెల్లగుడ్డ మీద పేర్చుకున్నాడు. ఎవరు ఏం చెయ్యాలో ఒకరికొకరు చెప్పుకోలేదు. ఎన్నో ఆదివారాలు తుప్పు గోకిన చేతులవి. ఒకరి చెయ్యి లేస్తే ఇంకొకరి చెయ్యి కిందికి దిగుతుంది. పరుపులమ్ముకునే మనిషి అంత మెత్తగా దూది అద్దగలడని ఆయన భార్య చూసినా నమ్మదు.

రంగు పొరలు పొరలుగా ఊడింది. వెండి కింద వెండి, దాని కింద మళ్ళీ వెండి.

"ఎన్నిసార్లు వేశారమ్మా ఇది?"

"సీజనుకోసారి. సామానంతా చూసుకునేది మా చెల్లెలే. ఈ రెండు కత్తులకి రంగు వేసే రోజు గది తలుపు గడియ పెట్టుకునేది. ఇంకెవరినీ వెయ్యనిచ్చేది కాదు. నీకెందుకే అంత పట్టుదల అంటే, వాసన మీకు పడదు అనేది."

రంగు పోయినచోట కత్తి వాదర, అంటే కోసే అంచు, పొడవునా ఎర్రటి గట్టి పదార్థం కనిపించింది. డాక్టరు పనిముట్టుతో మీటి చూశాడు. లక్క. బట్ట అంచు మడిచి కుట్టినంత శ్రద్ధగా, ఎక్కడా ఎక్కువతక్కువలు లేకుండా, వాదర మొత్తాన్ని లక్కతో మూసేశారు. దాని మీద రంగు వేశారు.

"దీన్నెందుకు పూసినట్టు?" అంది సులోచన, తనకు తెలియకుండానే.

లక్క మెత్తబడటానికి మరిగే నీళ్ళలో ముంచిన గుడ్డ కప్పారు. తరవాత డాక్టరు దాన్ని చివరినుంచి మెల్లిగా లాగాడు. సన్నటి ఎర్ర తాడులా ఊడి వచ్చింది. ఆయన తన చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నిలువుగా పట్టుకుని, వాదర మీదికి వదిలాడు. నొక్కలేదు. ఊరికే వదిలాడు.

కాగితం రెండు ముక్కలై కుర్చీకి చెరో పక్కనా రాలింది.

రాజుగారికి ముక్కలు సరిగా కనపడలేదు కాబోలు, వంగి నేల మీద తడుముకుని రెండూ తీసి, అంచులు వేళ్ళతో చూసుకుంది. ఇందాక వద్దన్న కుర్చీలో ఇప్పుడు కూర్చుంది.

"ఇంకా ఉందమ్మా," అన్నాడు డాక్టరు.

పన్నుకి సిమెంటు పట్టడానికి ముందు గరుకు చేసే మందు ఒకటి ఉంటుంది. ఆయన దాన్ని బాగా పలచన చేసి, దూదితో కత్తి పొడవునా ఒకే పూతగా రాశాడు. ముందు ఏమీ జరగలేదు. బూడిదరంగు లోహం, అంతే. కల్నల్ మెడ ముందుకు చాచాడు. డాక్టరు రెండోసారి రాశాడు.

అప్పుడు కత్తి లోపలినుంచి ఏదో పైకి రావడం మొదలైంది.

మొదట పిడి దగ్గర. మసకగా, నిద్రలో ఉన్న మనిషి కనురెప్ప కదిలినట్టు. తరవాత నల్లటి గీత ఒకటి, దాని పక్కన తెల్లటి గీత, వాటిని చుట్టుకుంటూ ఇంకొన్ని. చూస్తుండగానే అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ మొన వైపు పారాయి. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తెగలేదు. ఏటి నీళ్ళు రాయికి తగిలి చీలి మళ్ళీ కలిసినట్టు, మధ్యమధ్య సుడులు. ఆ సుడుల్లో ఇంకా చిన్న సుడులు. దీపం కాస్త పక్కకి జరిపితే ఏరు మొత్తం కదిలింది. అటు జరిపితే అటు పారింది. సులోచన రోజూ అద్దాలతో బతికే మనిషి. వెలుతురు చేసే గారడీలన్నీ ఎరుగును. ఇది గారడీ కాదు. ఎవరో ఒక మనిషి, పేరు కూడా మిగలని మనిషి, నిప్పుల్లో నీళ్ళు పోసి వాటిని పారుతుండగానే గడ్డకట్టించాడు. ఈ ఏరు ఎవరికీ కనపడకుండా ఇన్నేళ్ళూ చవకరకం రంగు కింద, చప్పట్ల మధ్య, ట్రంకుపెట్టెల్లో పారుతూనే ఉంది.

కల్నల్ ఎప్పుడు కళ్ళజోడు తీశాడో, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మందు ఘాటు," అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

"నాకు కనపడటం లేదు," అంది రాజుగారు. "ఏముంది? ఎవరైనా చెప్పండర్రా."

డాక్టరు వంటసోడా నీళ్ళతో కత్తిని కడిగి తుడిచాడు. సులోచన ఆవిడ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పగటి వెలుతుర్లో కత్తిని ఆవిడ కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. తన పెద్ద భూతద్దం మధ్యలో పెట్టింది. రాజుగారు చాలాసేపు చూసింది. ఆవిడ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ముప్పై ఏళ్ళు వేలమంది ముందు గుక్కతిప్పుకోకుండా మాట్లాడిన మనిషి ఆవిడ.

"పారుతోంది," అంది చివరికి, చిన్నపిల్ల చెప్పినట్టు.

భూతద్దం చేతిలోనే ఉంది కనుక సులోచన అలవాటు కొద్దీ వాదర కూడా పైనుంచి కిందిదాకా చూసుకుంటూ వచ్చింది. మొన దగ్గర శుభ్రంగా ఉంది. నడిమిన కూడా అంతే. పిడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"డాక్టరుగారూ, ఇటు రండి. ఈ గాట్లు చూడండి."

పిడికి పైన, జానెడు మేర, వాదర చిన్నచిన్న గాట్లతో రంపంలా ఉంది. ఒకదాని మీద ఒకటి, లెక్కలేనన్ని. జానెడు దాటాక మళ్ళీ ఒక్కటీ లేదు.

"మొద్దు ఇనుము తగిలితే దీనికి ఇలాంటి గాట్లు పడవు," అన్నాడు డాక్టరు. "ఇనుమే తెగుతుంది. ఇంత ఉక్కుకి గాటు పెట్టాలంటే అవతలిదీ ఇంతటి ఉక్కే అయ్యుండాలి."

"జత అన్నారుగా," అన్నాడు కల్నల్ మెల్లిగా. "అయితే రెండోది కూడా..."

"అది సరేనండీ," అంది సులోచన. "ముప్పై ఏళ్ళు కొట్టుకున్న కత్తికి గాట్లు అన్నిచోట్లా ఉండాలి కదా. అన్నీ ఈ ఒక్కచోటే ఎందుకున్నాయి? రాజుగారూ, మీ చెల్లెలు మీ దెబ్బని ఎలా ఆపేవారు?"

రాజుగారు కళ్ళు చిట్లించింది. "చెబితే తెలిసేది కాదు. ఇలా ఇవ్వు."

కత్తి ఆవిడ చేతికి అందగానే గదిలో డెబ్బై ఏళ్ళ మనిషి లేదు. వెన్ను ఇంకాస్త లేచింది. ముగ్గురూ వాళ్ళకు తెలియకుండానే గోడకి జరిగారు.

"మీసాలాయనా, మీరు సేనాపతి. ఆ మూలనున్న గొడుగు తియ్యండి. నేను పైనుంచి వేస్తాను, మెల్లిగానే. ఆపండి."

కల్నల్ గొడుగు రెండు చేతులా పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరైనా వేస్తారు.

"అదీ! అందరూ వెనక్కే పోతారు. అది మాత్రం పోయేది కాదు. నేను చెయ్యెత్తగానే ముందుకు దూసుకొచ్చేసేది. నా గుండెకి ఆనుకునేంత దగ్గరికి. వచ్చి ఇదిగో, ఇక్కడ పట్టుకునేది నా కత్తిని, పిడి దగ్గర. నాన్న తెర పక్కనుంచి కేకలేసేవాడు. దూరంగా ఉండి కొట్టుకోండే, జనానికి ఏం కనపడుతుంది అని. అది వినేది కాదు."

"పిడి దగ్గర ఊపు తక్కువ," అన్నాడు డాక్టరు. "మొన దగ్గరే దెబ్బంతా ఉండేది."

"దాని దెబ్బలకీ అదే గొడవ. నా మీదికి వచ్చిన కత్తి జానెడు దూరంలో ఆగిపోయేది. ఎంత తిట్టినా అంతే. సేనాపతికి చెయ్యి పడిపోయిందని కింద కూర్చున్నవాళ్ళు ఈలలేసేవాళ్ళు. ఆఖరి దెబ్బైతే మరీను. నేను ఒళ్ళంతా కూడదీసుకుని మెడ మీద వేసేదాన్ని. అది దిగకముందే పడిపోయేది. ముందే చచ్చిందిరోయ్ అని నవ్వు..."

ఆవిడ ఆగిపోయింది.

కత్తి పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉంది. నేల మీద కాగితం ముక్కలు ఇంకా పడి ఉన్నాయి. ఆవిడ చూపు వాటి మీద లేదు, గోడ మీద లేదు. ఎక్కడో దీపాల వెలుగులో, తన ఎదురుగా, తల ఎత్తి నిలబడిన ఒక మొహం మీద ఉంది.

"దానికి తెలుసు," అంది రాజుగారు.

ఆవిడ కత్తి కిందికి దించింది.

"లక్క పూసింది అదే కదా. రంగు వేసింది అదే కదా. దానికి మొదటినుంచీ తెలుసు. తెలిసే రోజూ వచ్చి నా ముందు మెడ పెట్టి నిలబడింది. ఒళ్ళు నలతగా ఉన్న రోజున కూడా. నేను పిచ్చిదానిలా నిజంగానే కొట్టేదాన్నమ్మా. ఆట కత్తే కదా అని, ఉన్న బలమంతా పెట్టి..."

సులోచన ఆవిడ చేతిలోంచి కత్తి అందుకుని కుర్చీలో పెట్టింది. ఆ జానెడు మేర గాట్ల మీద వేలు పోనిచ్చింది. ఇందాక ఆ ఏరుని చూసి ఇంతకంటే గొప్పది చూడనేమో అనుకుంది. ఇప్పుడు ఈ గాట్లు చూస్తుంటే ఆ ఏరు కూడా చిన్నదైపోయింది. ఒక్కో గాటూ ఒక్కో రాత్రి. ఒక్కో రాత్రీ ఒక మనిషి, జనం నవ్వుతుండగా, వెంట్రుకవాసిలో తనను తాను కాపాడుకుంటూ, అక్కని కాపాడుకుంటూ, ఆ మాట ఎవరికీ చెప్పకుండా, ఓడిపోయి పడిపోయింది. లేచి రంగు కడుక్కుని మర్నాడు మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు ఎక్కడున్నారు ఆవిడ?"

"ఎవరికి తెలుసు? చెయ్యి పడిపోయిందని నాన్న ఆ వేషం ఇంకో పిల్లకి ఇస్తానన్నాడు. ఆ రాత్రే వెళ్ళిపోయింది. దాంతోపాటు దాని కత్తీ పోయింది. దొంగ అన్నాడు నాన్న. జత లేక ఆ నాటకం ఆపేశాం."

"ఇంకో పిల్ల చేతికి ఆ కత్తి వెళ్ళకూడదని పట్టుకుపోయిందన్నమాట," అన్నాడు కల్నల్. అని, బాల్కనీలో తాను అన్న మాట గుర్తొచ్చిందో ఏమో, తల దించుకున్నాడు. "రాజుగారూ, ఈ కత్తి మీది. మీ గుమ్మం దాకా మేం ముగ్గురం మోస్తాం. నాకు మాత్రం దానికి ఒర కుట్టించే పని ఇప్పించండి. లోపల మెత్తటి బట్ట వేసి కుట్టిస్తాను."

రాజుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. రాజు సైనికుడి భుజం మీద వేసినట్టే.

సులోచన మనసు మాత్రం ఒకచోట చిక్కుకుని కదలడం లేదు. "అన్నీ సరే అమ్మా. ఒక్కటే అర్థం కావటం లేదు. నాన్నగారికి చెప్పి రెండు ఆట కత్తులు చేయించుకుంటే అయిపోయేది కదా. ముప్పై ఏళ్ళు ప్రాణం మీద పెట్టుకుని ఎందుకు దాచినట్టు?"

"నాన్నకి చెబితే ఏం లాభం? తెచ్చిందే ఆయన కదా."

ఆ మాట అన్నది రాజుగారు కాదు.

గుమ్మంలో సన్నగా, పొట్టిగా ఒకావిడ నిలబడి ఉంది. మెట్లెక్కిన ఆయాసంతో తలుపు చెక్క పట్టుకుంది. రాజుగారి మొహంలో ఉన్న ముక్కే ఆ మొహంలోనూ ఉంది. చంకలో గుడ్డ చుట్టిన పొడవాటి మూట. దాన్నిబట్టి ఆవిడెవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"చెల్లీ," అంది రాజుగారు. గుమ్మం వైపు ఒక అడుగు వేసింది.

చెల్లెలు అక్కవైపు చూడలేదు. పళ్ళ కుర్చీలో, దీపం కింద, తడితడిగా మెరుస్తూ పారుతున్న ఆ ఏటినే చూస్తోంది.

"రంగు తీసేశారా?" అంది. "ఎవరు తియ్యమన్నారు? వెయ్యిమంది కళ్ళముందు రోజూ ఆడిస్తే దీన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఆట కత్తిని ఎవరూ వెతకరు. అంతకంటే మంచి చోటు లేదని నాన్న అంటే, ఒప్పుకుని మోశాను. అదొక్కటే దీనికున్న కాపలా. తీసేశారా?"

"ఎవరే దీన్ని వెతికేది? ఎవరికే నువ్వు భయపడుతున్నది?"

చెల్లెలు అప్పుడు అక్కవైపు తిరిగింది. ఒక్క క్షణం ఆ కళ్ళు మెత్తబడ్డాయి. చెయ్యి చాచబోయి, మళ్ళీ మూటని దగ్గరికి హత్తుకుంది.

"సామాను అమ్మేశారని విని ఇందాక నాటకశాలకి వెళ్ళానక్కా. కత్తుల పెట్టె ఎవరు కొన్నారని వాచ్‌మన్‌ని అడిగితే, ఏంటమ్మా, అందరూ ఆ పెట్టె గురించే అడుగుతున్నారు అన్నాడు. నాకంటే ముందే ఒకాయన కారులో వచ్చి ఈ అడ్రసు రాయించుకుని వెళ్ళాడట." ఆవిడ గదంతా కలియజూసింది. ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. "నేను నడిచొచ్చాను. ఆయన ఈపాటికి వచ్చి ఉండాలి. మీలో ఎవరు ఆయన?"